తరుగు పోగా అక్క బరువు

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా అక్క వడ్ల కాంటా ఎక్కేది. ఎనిమిదింటికి హమాలీలు వస్తారు. ఆలోపు ఆ పని అయిపోవాలని ఆమె పట్టుదల. ఇంట్లో ఉన్న చిన్న బరువు మిషను ఆమె ఎక్కితే అంకె చూపడం మానేసింది. క్లినిక్‌లో పదిమంది ముందు తూగడం ఆమెకు ఇష్టం లేదు. చందూర్ దగ్గరి పల్లెలో మా బావ వడ్లు కొంటాడు. ఆ వైపు చెరకు పోయి వరి వచ్చినప్పటి నుంచి ఆయన పని అదే. ఇంటి ముందు షెడ్డులో బస్తాలు తూచే కాంటా మీద అక్క చెప్పులు విడిచి నిలబడేది. బావ అంకె చూసి నోట్‌బుక్‌లో రాసేవాడు.

అక్కకు షుగర్ ఉంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉంది. కడుపును చిన్నదిగా చేసే ఆపరేషన్ చేయించుకోవాలని, ఆలస్యం చేయవద్దని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పాడు. ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి ఇవ్వాలంటే, ఆరు నెలలు తిండి తగ్గించి చూసినా బరువు తగ్గలేదని రుజువు కావాలట. అందుకే ఆ నోట్‌బుక్.

ఆ ఆరు నెలలూ అక్క ఊరికే కూర్చోలేదు. ఆపరేషన్ తరువాత నెలన్నర టౌనులో, కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో ఉండాలని నిర్ణయించింది. ఆమె ఎప్పుడూ చూపించుకునే క్లినిక్ అక్కడికి నడిచిపోయేంత దూరం. నేను కింది గదిలోని పుస్తకాలన్నీ పైకి మార్చాను. మొదటి రెండు వారాలు నీళ్లలాంటివే తాగాలి, తరువాత మెత్తగా పిసికినవి తినాలి, అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. డాక్టరు ఇచ్చిన ఆ కాగితాన్ని మా ఫ్రిజ్ మీద అంటించి, వచ్చినప్పుడల్లా పాఠంలా చదువుకునేది. ఒకరోజు సంచిలోంచి మా ఇంటి పాత ఉగ్గుగిన్నె తీసింది.

"గీ గిన్నెతోనే నీకు పాలు తాపిన చెల్లె. ఇగ నువ్వు నాకు తాపాలె."

పెళ్లిళ్లలో బలవంతంగా వడ్డించే వాళ్లకు ఏం చెప్పాలో కూడా సాధన చేసింది. "కడుపుల జాగ లేదు అంటా. అబద్ధం గాదు గదా," అని నవ్వింది.

ఆరు నెలలు నిండాక కాగితాలు పంపాం. కంపెనీ ప్రశ్న వేసింది. ఆసుపత్రిలో తూచిన బరువుకూ ఇంటి నోట్‌బుక్‌లోని బరువుకూ రెండు కిలోల తేడా ఉంది. ఆపరేషన్‌కు ఇంత బరువైనా ఉండాలని ఒక హద్దు ఉందట; ఆసుపత్రి లెక్కలో ఆమెకు అర్హత ఉంది, ఇంటి లెక్కలో లేదు. ఏది నిజం?

కాంటా చెడిపోయిందేమో చూద్దామని ఆ ఆదివారం నేను వెళ్లాను. అక్క ఎక్కింది. కాంటా నూట ఎనిమిది చూపింది. బావ నూట ఆరు రాశాడు.

"బావా, నూటెనిమిది గదా సూపిస్తున్నది?"

"అవ్ పంతులమ్మా. తరుగు పోంగ నూటారు."

అనేసి, పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచాడు.

తేమ అని, తాలు అని, సంచి బరువని ప్రతి బస్తా మీద తీసేసే కిలోలే తరుగు. ఇరవై ఏళ్లుగా బావ కన్ను ఒక అంకె చూస్తే, చెయ్యి అందులోంచి తీసేసిన అంకె రాస్తుంది. అలా రాస్తున్నానని ఆయనకే తెలియదు.

అక్క కాంటా దిగకుండానే నవ్వింది. "సూసినవా చెల్లె! రైతులకు తీసింది సాలక పెండ్లానికి గూడ తీసిండు. తేమ ఎంతుందో సూసినవా అయ్యా మరి?"

"ఊకో. గిది నవ్వే ముచ్చట గాదు," అన్నాడు బావ.

నేను వివరణ ఉత్తరం రాసి ఆసుపత్రికి పంపాను. అక్కడ ఇన్సూరెన్స్ పని చూసే అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, తరుగు అంటే వాళ్లకు ఏమని రాయాలి?" అని అడిగింది. ఎలా రాసినా ఒక మనిషి బరువులోంచి రెండు కిలోలు ఎందుకు తీశారన్న ప్రశ్న మిగిలింది. కంపెనీ ఇంటి లెక్కను పక్కన పెట్టింది. క్లినిక్‌లో తూచి, డాక్టరు సంతకంతో మూడు నెలల లెక్క మళ్లీ పంపమంది.

అక్క ఒప్పుకుంది. వారం వారం కంఠేశ్వర్ వచ్చి, అందరూ చూస్తుండగా మిషను ఎక్కింది. ఏడు వారాలు అలా వచ్చింది. ఎనిమిదో వారం మధ్యలో, ఒక మధ్యాహ్నం తిన్నాక కుర్చీలో కునుకు తీసింది. బావ టీ తెచ్చి పిలిస్తే లేవలేదు.

దినాలు అయ్యాక బావ క్లినిక్‌కు వచ్చాడు. నేను పక్కన ఉన్నాను. "నేను సరిగ్గ రాసుంటే బతుకుతుండెనా సారూ?" అని అడిగాడు. డాక్టరు చెప్పలేనన్నాడు. ఆయన అబద్ధం చెప్పనందుకు నాకు గౌరవం కలిగింది. బావకు అది ఏ విధంగానూ పనికిరాలేదు. నేను ఆయనను ఆటో ఎక్కించి ఇంటికి పంపాను.

ఉగ్గుగిన్నె నా దగ్గరే ఉంది. ఫ్రిజ్ మీది కాగితం తీయడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మొన్న కోతల సమయంలో ఆ ఊరు వెళ్లాను. షెడ్డులో ఒక రైతు తన బస్తాలు తూయిస్తున్నాడు. బావ అంకె చూసి రాసి, పుస్తకం అతని వైపు తిప్పాడు. రైతు ఒకసారి పుస్తకాన్నీ ఒకసారి కాంటానూ చూశాడు.

"సేటూ, తరుగు రాయకపోతివి?"

"కాంటా ఎంత సూపిస్తే గంతే."

"నిజంగనా? గిట్లయితే నీకేం మిగుల్తది?" అని రైతు హమాలీల వైపు తిరిగి నవ్వాడు. వాళ్లు నవ్వలేదు. వాళ్లకు తెలుసు.

బావ ఇప్పుడు తరుగు తీయడం లేదు.