పితృదేవతలకి తెలియని కాయ

మిరపకాయ మనది కాదని మా ఆయన మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "గుంటూరు వెళ్ళి అనండి ఆ మాట, తంతారు," అన్నాను. ఆయన వదిలితేనా! అది ఈ అమెరికా ఖండాల్లోనే పుట్టిందట, పోర్చుగీసు ఓడలెక్కి మన తీరం చేరిందట. అంతకుముందు మనవాళ్ళు ఎరిగిన కారం మిరియమేనట. కొత్త కాయకి పేరు తెలియక మిరియపు కాయ అన్నారట, నోళ్ళలో నలిగి నలిగి అదే మిరపకాయ అయిందట.

ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా ఈ కథ తప్పేది కాదు. పగలంతా ఆఫీసులో సర్వర్లతో కుస్తీ పట్టే మనిషి, అన్నంలో ఆవకాయ కలుపుతూ చరిత్రలోకి వెళ్ళిపోయేవారు. "రాజుగారేం చాటింపు వేయించలేదండీ. ఎవరో ఒకావిడ పక్కింటావిడకి నాలుగు గింజలిచ్చి, 'మిరియంలాగే వాడుకో వదినా, కాకపోతే కాస్త చూసి వెయ్యి' అని ఉంటుంది. ఆ ఒక్క మాట మీద దేశమంతా పాకిపోయింది!" అనేవారు. "మీరు గోడ పక్కన నిలబడి విన్నారా?" అని నేను. అందరం నవ్వుకునేవాళ్ళం. పచ్చిమిరపకాయ కొరుక్కోనిదే పెరుగన్నం కూడా ఆ గొంతు దిగేది కాదు.

పోయినేడు చలికాలంలో ఆఫీసుకి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. గుండెపోటు. పన్నెండు రోజుల కర్మలు గుడి హాల్లో జరిగాయి. అక్కడ ఎవరు వండారో, ఏం వండారో నాకు తెలియదు. తరవాత ఏడాదంతా నేను ఆయన తినే కారంతోనే వండాను. పిచ్చి అనుకోండి, ఇంకేమైనా అనుకోండి.

సంవత్సరీకం మా ఇంట్లోనే పెట్టుకున్నాం. కర్మ చేయడానికి మరిది డాలస్ నుంచి వచ్చాడు. వంట నాదీ, మాతోనే ఉండే అత్తయ్యగారిదీ. తద్దినం వంటలో బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ లాంటివి పనికిరావు, పై దేశాల నుంచి వచ్చినవి, పితృదేవతలు ఎరగనివని. మిరపకాయ అసలే కూడదు, కారానికి మిరియమే. ఏటా మామయ్యగారి తద్దినానికి వండిన వంటే, నాకు తెలియనిదేం కాదు. అయినా చెయ్యి అలవాటున పోపులడబ్బాలోకి పోయింది. పెసరపచ్చడి పోపులో రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసేశాను.

ఘాటు లేవగానే అత్తయ్యగారు తిరిగి చూశారు. "అయ్యయ్యో, ఎంత పని చేశావే! పితృదేవతలకి మిరపకాయ పెడతారటే? పారబొయ్యి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళకి తెలియకపోతే పోనీండి, ఈయనకి తెలుసుగా! ఇన్ని వందల ఏళ్ళుగా ఆవకాయ తిని పోయినవాళ్ళలో ఒక్కరైనా పైకి వెళ్ళి చెప్పలేదా? కారం లేని ముద్ద ఆయన ముట్టరు. ఆకలితో లేచిపోతారు అత్తయ్యా! మీ కొడుకు సంగతి మీకు తెలీదా?" అరుస్తున్నానన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

ఆవిడ స్టవ్ ఆపేశారు. తిడతారనుకున్నాను. "నాకు తెలీదటే? కన్నదాన్ని," అన్నారు. "మిరపకాయ వేస్తే మనవాడే తల్లీ. మిరియం వేస్తేనే వాళ్ళవాడు. నువ్విలా పట్టుకు కూర్చుంటే వాడు ఎటూ చేరడు. వాళ్ళ నాన్న దగ్గరికి పోనియ్యవే."

పోపు పారబోసి, మూకుడు తోమి, నేనే మిరియాలు దంచాను.

భోక్తలుగా వచ్చిన బ్రాహ్మలిద్దరూ నెమ్మదిగా తిన్నారు. వాళ్ళు తింటే ఆయన తిన్నట్టే లెక్క. ఆ చప్పిడి పచ్చడి వాళ్ళు ముద్ద ముద్దకీ కలుపుకుంటుంటే, ఎవరైనా మొహం చిట్లిస్తారేమోనని వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కరైనా విస్తరి పక్కకి నెట్టాలని, నిజం చెబుతున్నాను, దేవుడికి మొక్కుకున్నాను. భోజనం అయ్యాక మరిది చేతులు జోడించి, ఆనవాయితీ ప్రకారం, తృప్తి అయిందా అని అడిగాడు.

"తృప్తి అయింది," అన్నారు వాళ్ళు.

ఆ వంట తిని ఆయన తృప్తి పడ్డారట. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. మా ఆయన చచ్చిపోయారని నాకు అప్పుడు తెలిసింది.