ఆదివారం ‘చూసి రావడం’

మీ దగ్గర పనిచేసే మనిషి సెలవు రోజును, అతన్ని అడగకుండా, మీరు ఎవరికైనా ఊరికే ఇచ్చేశారా? లేదని తొందరపడి చెప్పకండి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

డెబ్బైల చివర్లో గాజువాకలో ఒక మోటారు వైండింగ్ షాపులో బిల్లులు రాసేవాణ్ణి. కాలిపోయిన మోటార్లకు రాగితీగ మళ్లీ చుట్టివ్వడం మా పని. ఒక పెద్ద ఫ్యాక్టరీ పంపులన్నీ మా కాంట్రాక్టులోనే ఉండేవి. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడ చేసినదాన్ని పని అనేవాళ్లం. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం చేసినదాన్ని మాత్రం ‘చూసి రావడం’ అనేవాళ్లం. ఫ్యాక్టరీ జీపు వచ్చేది. "కాస్త చూసి రమ్మన్నారు" అనేవాడు డ్రైవరు. మా మేస్త్రి పానాలు సంచిలో వేసుకుని ఎక్కేవాడు. గేటు దగ్గర అతని పేరు పనివాళ్ల పుస్తకంలో కాక సందర్శకుల పుస్తకంలో రాసేవారు. మోటారు విప్పి, బేరింగులు మార్చి, ఒళ్లంతా గ్రీజుతో తిరిగొచ్చిన మనిషి సందర్శకుడు! లోపల ఒక టీ, ఒక ఇడ్లీ పొట్లం. బిల్లులో ఆదివారం ఉండదు. బిల్లులో లేదు గనక కూలీ కూడా ఉండదు. అది మర్యాద అనేవాడు మా యజమాని. డబ్బు అడిగితే కాంట్రాక్టు చేజారుతుందని అతని భయం. భయం అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

నేను అప్పట్లో సాయంత్రాలు సభల్లో మాట్లాడేవాణ్ణి. మంచి రోజు, చెడ్డ రోజు అనేవి మనిషి కల్పించుకున్నవే, సూర్యుడికి వారాల పేర్లు తెలియవు అని గట్టిగా వాదించేవాణ్ణి. చప్పట్లు పడేవి. ఆ చప్పట్లు కొట్టించుకున్న మనిషే మర్నాడు ఆదివారాలు లేని బిల్లులు రాస్తున్నాడని నాకు తోచలేదు.

మేస్త్రిది సముద్రం మీద బతికే కుటుంబం. ఆదివారాలు అతను వాళ్ల అన్న వలలకు చిరుగులు కుట్టి, అందుకు చేపల్లో వాటా తెచ్చుకునేవాడు. ఒక వానాకాలం పంపులు మొరాయించి, వరసగా మూడు ఆదివారాలు జీపు వచ్చింది. ఆ తర్వాతి సోమవారం అతను తీగ చుట్టడం ఆపి నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"రైటరు బాబూ, మా అన్న వాటా ఆపీసినాడు. ఊరోళ్ల మోటార్లు ఊరికే సేత్తన్నావ్, మా వలకి రానేవా, ఆ ఇడ్లీలే కూర వండించుకో అన్నాడు. నాను ఏటి సెప్పాల?"

బిల్లు పుస్తకం తెరిచాను. ఆ నెల బిల్లులో మూడు ఆదివారాలూ మూడు వరసల్లో రాశాను. మధ్యాహ్నం యజమాని చూశాడు.

"ఏటి రైటరూ, ఇదేటి రాసీసినావ్?"

"జరిగిందే రాశాను."

"అన్ని రోజులూ ఒకటేనని మైకులో అరుత్తావ్ గదా! మరి ఆదివారానికి బిల్లేటి? ఆ రోజుకేటి కొమ్ములున్నాయా?"

షాపంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు, పాపం.

"ఒకటే గనకే రాశాను. సోమవారం రాసేదాన్ని ఆదివారం ఎందుకు వదలాలి? మీరే వెళ్లి బోల్టు బిగిస్తే అది మీ మర్యాద. వెళ్లింది అతను. పోయింది అతని వాటా."

"కాంట్రాక్టు పోతే జీతాలు నువ్విత్తావా?"

అది న్యాయమైన ప్రశ్న. ఆ షాపు మీద ఆరు ఇళ్లు బతికేవి. ఇవ్వలేనన్నాను. బిల్లు మాత్రం మార్చనన్నాను. అతను కాగితాన్ని నా మీదకు విసిరాడు. "నువ్వే అట్టుకెల్లు. ఆల్ల తిట్లు నువ్వే తిను."

మర్నాడు ఫ్యాక్టరీ బస్సెక్కాను. దారి పొడుగునా వాదనలు కూడబలుక్కున్నాను. అక్కడ బిల్లులు పాసు చేసే ఇంజనీరు దాన్ని చదివి కళ్లజోడు తీశాడు. "ఆదివారాలకు మీరు తీసుకోరు కదా?"

"తీసుకోవాలి" అన్నాను.

ఆయన గేటు నుంచి సందర్శకుల పుస్తకం తెప్పించాడు. తేదీలు సరిచూసుకుని సంతకం పెట్టాడు. "ఇన్నాళ్లూ రాయలేదేం? మీ మనుషులకు మీరే ఇస్తున్నారనుకున్నాను."

పోట్లాటకు సిద్ధపడి వెళ్లినవాణ్ణి, తెల్లబోయి బయటకు వచ్చాను.

మేస్త్రికి మూడు రోజుల కూలీ అందింది. నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటూ, "మరి అంతకుముందు ఆదివారాలో, బాబూ?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆ పాత బిల్లులన్నీ నా చేతిరాతే. వాటిని ఎవరూ కాదనలేదు. రాయనిదాన్ని ఎవరు కాదంటారు? ఇప్పటికీ ఆదివారం పొద్దున్న వీధిలో జీపు ఆగిన చప్పుడు వింటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ఎప్పుడో ఒకసారి చేసేదే కదా అంటారు కాంట్రాక్టర్లు. చేయించేవాడికి అది ఎప్పుడో ఒకసారి. పోగొట్టుకున్నవాడికి ఆ రోజు మొత్తం పోయింది. క్లయింటుకు వదిలెయ్యాలనుంటే వదిలెయ్యండి. ముందు పనివాడి కూలీ మీ జేబులోంచి ఇవ్వండి, బిల్లులో ‘ఆదివారం పని, ఉచితం’ అని రాయండి, అప్పుడు వదిలెయ్యండి. ఈ నెల బిల్లు ఇంకా మీ బల్ల మీదే ఉంటుంది. తియ్యండి. అందులో ఆ ఆదివారం రాయండి. రాశాకే సంతకం పెట్టండి.