రెండు తట్టల రొయ్యల నీళ్ళు

మా వదిన పోయిన సంగతి నాకు నీళ్ళ ట్యాంకు కింద తెలిసింది. పొద్దున్నే చివరి వీధి వాల్వు తిప్పుతున్నాను. ఆమె కోడలు ఫోన్ చేసి, "చిన్నమామా, అత్తమ్మ లెయ్యలా" అని ఏడ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని, వాల్వు పూర్తిగా తిప్పి, అప్పుడు వెళ్ళాను. రాతి గుండె అనుకునేవాళ్ళు అనుకోనీ. నీళ్ళు సగంలో వదిలేసి వచ్చానని తెలిస్తే ఆమె పాడె మీద నుంచే లేచి తిట్టి ఉండేది.

మాది సరస్సు ఒడ్డున ఇసుక మీద ఉన్న ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే పడతాయి. తాగే నీళ్ళు దూరంగా ఉన్న బోరు నుంచి ట్యాంకుకు వస్తాయి. ట్యాంకు నుంచి మూడు వీధులకు వదిలేది నేను. ముప్పై ఏళ్ళుగా నేనే. ఈ ఊళ్ళో ఏ పైపు ఏ ఇంటి కింద పోతుందో ఇంజనీరుకు తెలియదు, నాకు తెలుసు.

మా అన్న పోయాక వదిన రొయ్యలు కొని, ఒలిచి, సూళ్లూరుపేట బజారులో అమ్మి ఇద్దరు బిడ్డల్ని పెంచింది. ఆమె ఇల్లు చివరి వీధిలో చివరిది. కొళాయి గుమ్మం పక్కనే. పైపు సన్నం, ఊరు పెరిగింది. ముందు రెండు వీధులు తాగాక మిగిలిందే ఆమె కొళాయికి చేరేది. ఆమె బిందె కింద పెట్టి, పక్కన పీట వేసుకుని, రొయ్యల తట్ట ముందు పెట్టుకుని కూర్చునేది. వదినకు గడియారం చూడటం రాదు. ఆమె గడియారం ఆ తట్టే.

"ఏం వదినా, నీళ్ళొచ్చినాయా?" అని అడిగితే ఊరికే ఊ అని ఊరుకునేది కాదు.

"వచ్చినాయబ్బయ్యా. ఇయ్యాల తట్టన్నర."

బిందె నిండేలోపల తట్టన్నర రొయ్యలు ఒలిచిందని అర్థం. తట్ట లోపల అయితే మంచి రోజు. రెండు తట్టలయితే నేను ఆ వీధిలోకి వెళ్ళేవాణ్ణి కాదు. ఒలిచిన తట్టకొక బొగ్గు గీత గోడ మీద గీసేది. వేసవిలో ఆ గోడ చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఆ గీతలు నన్ను తిట్టేదానికేనా?"

"నిన్ను తిట్టాలంటే నాకు నోరుండాది. గోడెందుకు?"

పంచాయతీ వాళ్ళు ఆమెను నీళ్ళ కమిటీలో వేశారు. ఆడవాళ్ళు ఉండాలని రూలట. టీ తాగి, చెప్పిన చోట వేలిముద్ర వేసి వచ్చే కమిటీ అది. వదిన టీ తాగేది, వేలు మాత్రం కొంగులో దాచుకునేది. "ముందు చదవండయ్యా" అనేది. ఒకసారి మరుగుదొడ్ల కాగితం చదివారు. చివరి వీధిలో అన్ని ఇళ్ళకూ ఉన్నాయని రాసుంది. "ఉండాయి. దాంట్లో వలలు పెట్టుకోనుండారు. బిందెడు నీళ్ళకు పూటంతా కూచునేవాళ్ళు దొడ్లో ఏం పోస్తారు? అది గూడా రాసుకోండి" అంది. రాసుకోలేదు. ఆమె వేలూ బయటికి రాలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటూ దీన్ని దాచడం మర్యాద కాదు. చుట్టం వస్తే ఇంట్లో ఉన్న ఒక్క కోడినీ కోస్తాం కదా. నేను ఆఫీసరు వస్తే అట్లాగే చేసేవాణ్ణి. నీళ్ళు ఎట్లా వస్తున్నాయో చూడటానికి ఏడాదికోసారి ఒక సారు వచ్చేవాడు. వాళ్ళు చూసేది చివరి కొళాయే. ఆ పూట ముందు రెండు వీధుల వాల్వులు మూసి, చివరి వీధికి మొత్తం వదిలేవాణ్ణి. నీళ్ళు ఎగిరి పడేవి. సారు సంతోషంగా రాసుకుని పోయేవాడు. చివరి వీధి ఆడవాళ్ళు ఉన్న గిన్నెలన్నీ నింపుకుని, "ఈ సారు మనూళ్ళోనే కాపరం పెడితే బాగుండు" అని నవ్వుకునేవారు. ఊరి పరువు నిలబెట్టానని నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

ఒక ఏడు ఇంటింటికీ నీళ్ళున్న ఊరని బోర్డు ఇస్తామన్నారు. సర్పంచి కొత్త చొక్కా వేసుకున్నాడు. కాగితం మీద కమిటీ వేలిముద్రలన్నీ పడ్డాయి, ఒక్కటి తప్ప. "అన్ని ఇళ్ళకూ చాలినన్ని నీళ్ళుండాయని రాసిస్తే, ఇంక మాకు వేరే పైపు ఎవరేస్తారబ్బయ్యా?" అని సారు వచ్చే ముందురోజు వదిన నన్నడిగింది. మర్నాడు ఎప్పటిలాగే వాల్వులు మూశాను.

సారు వచ్చి కొళాయి తిప్పాడు. ధార బిందె అంచు మీద పడి ఎగిరింది. "ఏమ్మా, నీళ్ళు బాగా వస్తున్నాయిగా?" అన్నాడు.

వదిన పీట మీద నుంచి లేవలేదు. "అయ్యా, నేనింకా ఒక్క రొయ్య ఒలవలా, బిందె నిండిపోయింది. ఇయ్యి మా నీళ్ళు గాదు. మీ నీళ్ళు. మీతోనే వచ్చినాయి, మీతోనే పోతాయి" అంది.

సర్పంచి దగ్గాడు. సారు గోడ చూసి, ఈ గీతలేమిటని అడిగాడు. తట్టల సంగతి ఆమె చెప్పింది. వాల్వులు చూసేది ఎవరని ఆయన అడిగాడు.

"మా మరిది. ఆయన్నేమీ అనబాకండి. చుట్టాలొస్తే ఇల్లు ఊడ్చినట్టు చేసినాడు. పైపు సన్నంగా ఉండాది, దానికి ఆయనేం చేస్తాడు?"

సారు నా వైపు తిరిగి, "అన్ని వాల్వులూ రోజూ ఎట్లా వదులుతావో అట్లా వదులు" అన్నాడు.

ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ముందు వీధుల వాల్వులు కొంచెం తిప్పి, మొత్తం తిప్పానని చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు, వదినకు తప్ప. ఆమెకు మొదటి గుప్పెడు రొయ్యల్లోనే తెలిసిపోతుంది. తెలిసినా సారు ముందు నన్ను పట్టివ్వదు. అదే నాకు మింగుడు పడలేదు. మొత్తం తిప్పాను.

నేను తిరిగి వచ్చేసరికి ధార దారమంత అయింది. సారు ఎండలో చెమటలు కక్కుతున్నాడు. సగం బిందెకు వాచీ చూసుకున్నాడు.

"కూచోండయ్యా. ఇంకా తట్ట ఉండాది" అంది వదిన, పొట్టు తీస్తూనే.

కూర్చున్నాడు. ఆ మాత్రం మనిషి ఆయన. బిందె నిండేదాకా కూర్చుని, లేచి, కాగితం మీద రాసింది కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాసుకుపోయాడు.

బోర్డు రాలేదు. ఊరంతా ఆమెను ఆడిపోసుకుంది. నేనూ మాట్లాడటం మానేశాను. నాలుగో రోజు రొయ్యల పులుసు గిన్నె పంపింది. నేను తిప్పి పంపితే తానే తెచ్చింది. "కోపం నా మీద గదా, రొయ్యలేం జేసినాయి? తిను" అంది. తిన్నాను. ఆ పులుసు ముందు ఏ కోపం నిలుస్తుంది?

రెండు వేసవులు పోయాక చివరి వీధికి ట్యాంకు నుంచి వేరే పైపు వేశారు. వీధి పొడవునా గుంట తవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. నీళ్ళు వదిలిన రోజు ఆమె గోడకు సున్నం కొట్టించింది. మరుగుదొడ్లలోని వలలు బయటికి వచ్చాయి. నన్ను పొగుడుతుందేమో అనుకున్నాను. "బాగుండాయబ్బయ్యా. నువ్వు చచ్చేదాకా ఇట్నే ఇడువు" అంది. అంతే.

నేను పెద్ద మాటలు నేర్చుకోలేదు. మా ఊరికి నీళ్ళు తెచ్చింది ఆమె అంటే అబద్ధం. లేని నీళ్ళను ఉన్నాయని అనకుండా నిలబడింది, అంతే. అది కష్టమైన పని. నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారి చేశాను, అదీ ఆమె ముందు సిగ్గుపడి.

అంతకుముందు చివరి వీధిలో చావు జరిగితే, శవాన్ని తీసుకెళ్ళాక ఇల్లు కడగడానికి పక్క వీధి వాళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చేది. ఒకటి రెండు బిందెలు చల్లి కడిగామనిపించేవారు. మొన్న ఆమెను సాగనంపి వచ్చేసరికి వీధిలో ప్రతి గుమ్మం ముందూ కొళాయి నడుస్తోంది. ఆడవాళ్ళు చీరలు ఎగదోపి, బిందెలకు బిందెలు గుమ్మరించి ఆమె ఇల్లు కడుగుతున్నారు. మగవాళ్ళు వరసగా కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆ నీళ్ళన్నీ కలిసి, వీధి మధ్య ఇసుకలో చిన్న కాలువ చేసుకుని, సరస్సు వైపు పోతున్నాయి. రెండు కొంగలు వచ్చి అందులో దిగి నిలబడ్డాయి.