ఏడో నంబరు సాంచా ఆగిన శుక్రవారం

పోయిన జూన్ నెల రెండో శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. గోడ గడియారం చూసి చెప్పడం లేదు. కంప్యూటరు తనలో తాను రాసుకున్న టైము అది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నలభై ఏళ్లు ముంబై పక్కన భివండీలో సాంచాల మధ్య బతికాను. సాంచా అంటే మరమగ్గం. దయ్యం కనబడిందని పరుగెత్తుకొచ్చినవాళ్లకు, తాగింది ఇంకా దిగలేదని మొహం మీదే చెప్పాను. ఇది చదివి మీరు నన్నూ అలాగే అనుకోవచ్చు. అనుకోండి. నేను తాగను.

నేను జాబర్‌ని. చెడిన సాంచాలను బాగుచేసేవాణ్ని. అక్షరాలు యాభై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను, కామత్‌ఘర్‌లో మన తెలుగువాళ్ల సంఘం గదిలో, సాయంత్రం బడికి పోయి. ఇప్పుడు అరవై ఆరు. నేను పనిచేసిన కార్ఖానాలోనే గేటు దగ్గర కూర్చుని రిజిస్టర్ రాస్తాను.

కార్ఖానా అన్నది అలవాటు మాట. అక్కడ ఇప్పుడు సాంచాలు లేవు. ఇరవై నాలుగు ఉండేవి. యజమాని సేఠ్ వాటిని పాత ఇనుము కింద అమ్మేసి షెడ్డును ఒక కంపెనీకి కిరాయికిచ్చాడు. సాంచాల కోసం వేసిన పెద్ద కరెంటు లైను వాళ్లకు పనికొచ్చింది. నేల మీద ప్లాస్టిక్ పరిచి, గోడలు మూసి, ఏసీలు పెట్టి, వరుసగా ఇనుప అల్మారాలు నిలబెట్టారు. అల్మారాల నిండా కంప్యూటర్లే.

ఆ కంపెనీ మందులు చేయదు. కొత్త మందులు వెతికేవాళ్లకు కంప్యూటర్లనూ, వాటిని నడిపే పిల్లలనూ ఇస్తుంది. మా దగ్గర నడిపేది శ్రావణి. వరాలా తలావ్ చెరువు దగ్గర ఉంటుంది. వాళ్ల నాన్నది కరీంనగర్ వైపు, ఆయనా సాంచా నడిపినవాడే. ఈ కంప్యూటర్లు ఏం చేస్తాయో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆ పిల్లే, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెతో, అందులో పెట్టే నూలు కండెతో పోల్చి.

"నాడెల కండె సరిగ్గ కూసుంటెనే సాంచా నడుస్తది గద తాతా? రోగం క్రిమిల గూడ గసొంటి సందు ఉంటది. దాంట్ల గట్టిగ కూసునే మందు దొరికితే క్రిమి పని బంద్. లక్షల మందులు చేసి చూడాల్నంటే నా జనమ సాలది. కంప్యూటర్ల లెక్కేసి, కూసునేటియి ఏరి పూనా పంపిస్తం. అక్కడోళ్లు నిజంగ చేసి చూస్తరు."

"అంటే నువ్వు బియ్యంలో రాళ్లేరే పిల్లవన్న మాట," అన్నాను.

"ఏరకుంటె పండ్లిరుగుతయి గద," అని నవ్వింది.

ఆ వారం ఏరుతున్నది ఏ మందుకూ లొంగని టీబీ కోసం. పూనాలోని ఒక సంస్థ, సోమవారం లోపల సరైన జాబితా పంపితే ముందుకు సాయం చేస్తామంది. లేకపోతే ఆ పని అక్కడితో ఆఖరు, నెలాఖరుకు శ్రావణి ఉద్యోగం కూడా. ఆరు రోజుల నుంచి ఏడో అల్మారాలో ఒక మిషన్ ఆగకుండా లెక్క వేస్తోంది. ఆ పిల్ల సరిగ్గా తినడం లేదు.

ఏడో అల్మారా ఉన్నచోటే ఒకప్పుడు ఏడో నంబరు సాంచా ఉండేది. దాన్ని నడిపింది మల్లేశం. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ సాంచా కుంటేది. మూడు దెబ్బలు సమంగా కొట్టి, నాలుగోది కొంచెం ఆలస్యంగా కొట్టేది. స్పానర్ పట్టుకుని బాగుచేస్తానంటే ముట్టనిచ్చేవాడు కాదు. "నా ముసల్ది కుంటుతది గని పడది. నీ పాన సంచిల వెట్టుకో," అనేవాడు.

మల్లేశం పోయి ఎనిమిదేళ్లు. టీబీతోనే పోయాడు. ఏ మందూ పని చేయలేదు. అతని సాంచాను విప్పి తుక్కువాడి టెంపోలో వేసింది నేనే.

మా కార్ఖానాలో ఒక రివాజు ఉండేది. పోగు తెగి కూడా సాంచా నడుస్తుంటే, అది ఎవరిదైనా సరే, దగ్గరున్నవాడు నడుం ఎత్తులో ఉండే కట్టె పిడి లాగి ఆపాలి. ఆపకపోతే బట్ట మొత్తం పాడవుతుంది, పైకి బాగానే కనబడుతుంది. పోగు తెగితే చప్పుడు మారుతుంది. అది బయటివాళ్లకు తెలియదు. మల్లేశం నీళ్లకు పోయినప్పుడు అతని సాంచాను ఎన్నోసార్లు నేనే ఆపాను.

ఇక ఆ రోజు సంగతి.

శుక్రవారం మా దగ్గర సాంచాలకు సెలవు. గల్లీ మొత్తం బంద్. ఇది గుర్తుపెట్టుకోండి. నేను డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని, శ్రావణికి చాయ్ ఇద్దామని లోపలికి పోయాను. ఆమె అద్దం గదిలో ఉంది. మేనేజర్ దేశ్‌పాండే ఫోన్లో ఉన్నాడు. ఏసీ మెకానిక్ ఇర్ఫాన్ నిచ్చెన మీద ఉన్నాడు.

అప్పుడు సాంచా చప్పుడు వినబడింది.

మొదట పక్క కార్ఖానా అనుకున్నాను. శుక్రవారమని గుర్తొచ్చింది. చప్పుడు ముందు నుంచే వస్తోంది. మూడు సమంగా, నాలుగోది ఆలస్యంగా. ఇర్ఫాన్ వైపు చూశాను. అతను స్క్రూ బిగించుకుంటున్నాడు.

నేను కదల్లేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వంద దెబ్బలైనా విని ఉంటాను. ఉన్నట్టుండి చప్పుడు మారింది. పోగు తెగింది. తెగి కూడా నడుస్తోంది.

తర్వాత చేసింది నేను ఆలోచించి చేయలేదు. గ్లాసు కింద పెట్టి, నాలుగడుగులు వేసి, పిడి పట్టి లాగాను. చేతికి నున్నటి కట్టె తగిలింది, చెమటకు అరిగిన కట్టె. చప్పుడు ఆగింది. కళ్లెదుట ఏడో అల్మారా. అందులో లెక్క వేస్తున్న మిషన్ లైట్లు ఆరిపోయి ఉన్నాయి.

శ్రావణి పరుగెత్తుకొచ్చింది. "తాతా! ఏం జేసినవ్?"

"పోగు తెగింది బిడ్డా. ఆపిన."

ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను. ఏడవలేదు. మెడలోని తాళంచెవి తీసి, అల్మారా జాలీ తలుపు తెరిచి, మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టింది. దేశ్‌పాండే వచ్చి, "చాచా, యే సాంచా నహీఁ హై!" అని, ఇది సాంచా కాదని అరిచాడు. ఆరు రోజుల పని పోయిందన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. నేనే ఆపానని ఒప్పుకున్నాను. చేసింది చేయలేదని అనడం నాకు రాదు.

ఎక్కడి నుంచి మళ్లీ నడపాలో చూడటానికి శ్రావణి దాచిన లెక్కలు తెరిచింది. సాయంత్రం ఐదు దాకా తల ఎత్తలేదు. తర్వాత నన్ను పిలిచింది.

"తాతా, నిన్న పొద్దటి సంది లెక్కలన్ని తప్పు. ఒక్కటే మందును రెండుసార్లు వెడితె రెండు తీర్ల చెప్తున్నది. మిషన్ లోపట ఏందో ఖరాబైంది. ఆగలే, ఎర్ర లైటు రాలే. నడుస్తనే ఉన్నది."

లెక్కల తెరను నా వైపు తిప్పింది. "నువ్వు ఆపకుంటె ఇట్లనే సోమవారం పంపేదాన్ని. వాళ్లు దాన్నే నమ్ముకుని మందు జేసేటోళ్లు."

ఆ మిషన్‌ను పక్కన పెట్టి, బుధవారం వరకు సరిగ్గా ఉన్న లెక్కల నుంచి వేరేదాని మీద నడిపారు. సోమవారానికి పూర్తి కాలేదు. శ్రావణి అయినంత వరకే పంపి, మిగతాది ఎందుకు తప్పిందో దాచకుండా రాసింది. పూనావాళ్లు ఇంకో పది రోజులు ఇచ్చారు. ఆ పిల్ల ఉద్యోగం నిలిచింది. నాదీ నిలిచింది. మందు ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఆమే చెప్పలేనంటోంది.

ఇంతవరకైతే ముసలోడి చెవులు మోగాయి, అదృష్టం కలిసొచ్చింది అని వదిలేసేవాణ్ని. కానీ శనివారం దేశ్‌పాండే కెమెరా వీడియో పెట్టి నన్ను పిలిచాడు. అరవలేదు. కుర్చీ చూపించాడు.

వీడియోలో నేను అల్మారా ముందు నిలబడి ఉన్నాను. నడుం ఎత్తులో చేయి చాచి గాలిని పట్టుకుని లాగాను. అదే క్షణంలో లైట్లు ఆరాయి. మిషన్ బటన్ నా తల ఎత్తులో ఉంది. దాని ముందు జాలీ తలుపు. తలుపుకు తాళం. తాళంచెవి అద్దం గదిలో శ్రావణి మెడలో ఉంది. మిషన్ మాత్రం, రెండు గంటల పది నిమిషాలకు బటన్ నొక్కి ఆపారని రాసుకుంది.

దేశ్‌పాండే మూడుసార్లు చూపించాడు. వీడియోలో ఏసీ హోరు ఉంది. సాంచా చప్పుడు లేదు. ఇర్ఫాన్‌ను అడిగితే తనకూ ఏమీ వినబడలేదన్నాడు. నేనేదో గొణిగానని, ఎవరితోనో మాట్లాడుతున్నానని తాను అనుకున్నట్టు చెప్పాడు. నేను మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

కరెంటు తేడా అని కొందరన్నారు. అయితే బటన్ నొక్కారని మిషన్ ఎందుకు రాసుకుంది? ఇప్పటికీ దయ్యాలను నమ్ముతున్నానని చెప్పను. ఆ కట్టె పిడి నున్నదనం మాత్రం నా అరచేతికి తెలుసు.

ఆ శుక్రవారం లోపల ఉన్నవాళ్లు: శ్రావణి, మేనేజర్ దేశ్‌పాండే, ఏసీ మెకానిక్ ఇర్ఫాన్, నేను. రిజిస్టర్‌లో ఆ నాలుగు పేర్లే ఉన్నాయి. కళ్లతో చూసిన మనిషి పేరే రాయాలని నాకు దాన్ని అప్పగించిన రోజే చెప్పారు. మల్లేశాన్ని నేను చూడలేదు.