ఖాళీ తూటాలు ఏరిన దానియేలు మాస్టారు

నిన్న పొద్దున పోర్టు రోడ్డులో డ్యూటీలో ఉన్నాను. బొగ్గు లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయింది. వెనకాల అన్నీ హారన్లే. ఆ గోలలో మాస్టారి కూతురు సునీత ఫోన్.

"అక్కా, నాన్న లేరు."

"ఎక్కడికి వెళ్ళారు?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. తను ఏడ్చాక గానీ నాకు అర్థం కాలేదు.

నిన్నటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. టీ పెట్టుకుంటున్నాను, తాగడం లేదు. ఈ పోస్ట్ మూడుసార్లు రాసి కొట్టేశాను. చేతులు వాటంతట అవే గాల్లో ఏదో చేస్తున్నాయి. రివాల్వర్ లాచ్, సిలిండర్, రాడ్. మా ఆయన రెండుసార్లు పట్టుకుని ఆపారు.

తెలియనివాళ్ళకి చెప్తాను. దానియేలు మాస్టారు పోలీసు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. నేను ఎస్సై ట్రైనీగా ఉన్నప్పుడు ఫైరింగ్ రేంజ్‌లో ఆయుధాలన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. నలుగురిలో నన్ను "మేడమ్" అనేవారు. ఎవరూ లేకపోతే "అమ్మా".

నాకు గురి బాగానే ఉండేది. రివాల్వర్ మళ్ళీ నింపడమే రాలేదు.

టెస్ట్ ఏమిటంటే ఆరు పేల్చాలి, ఖాళీవి తీసేసి ఆరు నింపాలి, మళ్ళీ పేల్చాలి. అంతా టైమ్ లోపల. రెండుసార్లు ఫెయిలయ్యాను. మూడోసారీ పోతే మా బ్యాచ్‌తో నాకు పోస్టింగ్ రాదు. మా అమ్మ అప్పటికే జాలరిపేట మొత్తానికీ "మా పిల్ల ఎస్సై" అని చెప్పేసింది. నాకు అన్నం సహించేది కాదు.

రెండోసారి పోయాక మాస్టారు నా దగ్గరికి వచ్చి, "జేబులో ఏటున్నాయమ్మా?" అన్నారు.

చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆరు ఖాళీ తూటాలు.

మా రేంజ్‌లో పేల్చిన ప్రతి తూటాకీ ఖాళీ కేసు తిరిగివ్వాలి. ఒకటి తగ్గితే ఎండలో అందరం గడ్డి వెతకాలి. ఆ భయంతో ప్రాక్టీస్‌లో ఖాళీవాటిని అరచేతిలో పట్టుకుని జేబులో వేసుకోవడం అలవాటు చేసుకున్నాం. గడియారం పరుగెడుతుంటే కూడా నేను అదే చేశాను. చేసినట్టు నాకే తెలియదు.

"రేపట్నుంచి మజ్జానం రా. ఖాళీవి ఒగ్గీ. కింద పడనీ."

"పోతే ఎలా మాస్టారూ?"

"ఏరడానికి నానున్నాను కదేటి."

వారం రోజులు, డమ్మీ తూటాలతో. కుడి బొటనవేలితో లాచ్. ఎడమచేతి రెండు వేళ్ళతో తూటాలుండే సిలిండర్ బయటికి. బ్యారెల్ ఆకాశం వైపు తిప్పి, అరచేత్తో రాడ్ మీద ఒక్కటే దెబ్బ. ఖాళీవి వాటి బరువుకే రాలిపోతాయి. ఇప్పుడు బ్యారెల్ నేలవైపు, రెండేసి చొప్పున కొత్తవి. సిలిండర్ చేత్తో నొక్కి మూయాలి. ఒకసారి సినిమాలోలాగా విదిలించి మూశాను. మాస్టారు రోజంతా నాతో మాట్లాడలేదు.

నేను చేతుల వైపు చూసుకుంటుంటే, "మీ యమ్మ సేప కోసినప్పుడు కత్తిపీట సూత్తాదేటి? బేరమాడే మనిషిని సూత్తాది. సేతికి దాని పని తెలుసు," అన్నారు.

అప్పటికే ఆయనకి మోకాళ్ళ నొప్పులు. నేను రాల్చిన ప్రతిసారీ వంగి, ఇసుకలోంచి ఏరి, పాత పౌడర్ డబ్బాలో వేసేవారు. నేను వంగబోతే కసిరేవారు. "ఇది నీ పని కాదు. నీ సూపు అక్కడ."

మూడోసారి పాసయ్యాను.

ఖాళీవి మాత్రం ఒకటి తక్కువ వచ్చింది.

"నువ్వెళ్ళి మీ యమ్మకి సెప్పు," అని నన్ను తరిమేశారు. పొద్దు వాలేదాకా ఒక్కరే గడ్డిలో వెతికారట. మర్నాడు ఆ ఖాళీ కేసు తెచ్చి చూపించారు. "సీమల పుట్టలో దూరీసింది, దొంగముండ." ఆయన నవ్వింది తక్కువ. ఆ రోజు నవ్వారు.

ఇన్నేళ్ళ సర్వీసులో నేను డ్యూటీ మీద ఒక్క తూటా పేల్చలేదు. ఆ మాట చెప్తే ఆయనకి ఎంత సంతోషమో. "మంచిదమ్మా. అలాగే రిటైర్ అయిపో," అనేవారు.

ఈ మధ్యాహ్నం వన్ టౌన్ చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి తీసుకెళ్ళాం. పాస్టర్‌గారు ప్రార్థించాక ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేస్తున్నాం. నా వంతు వచ్చింది. మట్టి తీసుకున్నాను. చెయ్యి చాపాను.

పిడికిలి తెరుచుకోలేదు.

వెనకాల లైను ఆగిపోయింది. మట్టి గట్టిగా నొక్కుకుపోతోంది. పక్కనున్న సునీత నా మణికట్టు పట్టుకుని మెల్లగా, "ఒగ్గీ అక్కా," అంది.

అచ్చం వాళ్ళ నాన్న అన్నట్టే. ఆ సంగతి తనకి తెలియదు.

వదిలేశాను. అలవాటు కొద్దీ పక్కకి చూశాను, ఆయన వంగుతారేమో అని.

ఎవరూ వంగలేదు.

వెళ్ళిరండి మాస్టారూ. ఆ మోకాళ్ళకి ఇక ఏ నొప్పీ లేదు. ప్రభువు దగ్గర కాళ్ళు చాపుకుని ప్రశాంతంగా కూర్చోండి.

కింద పడినవి ఇకమీదట నేను ఏరుతాను.