మాటలు కరిగిన ప్రార్థన

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయినా పాట ఆగలేదు, చప్పట్లతోనే సాగింది. కాసేపటికి మందిరం వెనక ఎవరో జనరేటరు వేశారు. దాని గుర్రుమనే చప్పుడు నేలలోంచి పాకి, చాప కింద నుంచి నా అరికాళ్ళకు తెలిసింది. అప్పుడొక చిత్రం జరిగింది. పాడుతున్నవాళ్ళంతా, ఎవరూ చెప్పకుండానే, గొంతులు కాస్త దించుకుని ఆ జనరేటరు శ్రుతిలోకి వచ్చేశారు. వాళ్ళకా సంగతి తెలియదు. నాకు తెలిసింది, తెలిసి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ప్రభాకర్ గారు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పక్కనున్నవాళ్ళు నేను ఆత్మలో ఆనందిస్తున్నాననుకున్నారు. అదీ అబద్ధం కాదు.

ప్రభాకర్ గారు మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. విజయవాడ నుంచి కొండపల్లి వెళ్ళే దారిలో ఉండేది మా కాలేజీ. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, కాలేజీలు సొంతంగా చిన్న రేడియో పెట్టుకునేందుకు అనుమతులు వస్తున్న రోజుల్లో, మా వాళ్ళూ ఒకటి పెట్టారు. ల్యాబు పక్క గదికి, చప్పుడు మారుమోగకుండా, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి దాన్ని స్టూడియో అన్నారు. ప్రసారం కొండపల్లి దాకా, ఆ పక్క థర్మల్ విద్యుత్ కేంద్రం కాలనీ దాకా అందితే గొప్ప. పగలంతా పాఠాలు, వరి తెగుళ్ళకు సలహాలు, పిల్లల పాటలు వచ్చేవి. రాత్రి మూసేముందు ఒక గంట ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతే ఆయన అడిగి తీసుకున్నారు. ఆ గంటకు ‘వినికిడి’ అని పేరు పెట్టారు. దేశదేశాలవాళ్ళు యంత్రాలతో, కత్తిరించి అతికిన టేపు ముక్కలతో, కంప్యూటర్లతో చేసిన సంగీతం వేసేవారు. దానికి పల్లవి లేదు, తాళం లేదు, పాడే మనిషి లేడు. ఒక్కోసారి పావుగంటసేపు ఒకే స్వరం సాగుతుండేది.

నేను మొదటిసారి విన్నది హాస్టల్లో, ఫోనులోని రేడియోలో. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతున్నట్టు ఉంది. మా రూమ్మేటు లత దుప్పటిలోంచి తల బయటపెట్టింది.

“ఒసే, నీ ఫోను పోయిందే. రేపు షాపులో చూపించు.”

“పోలేదే. ఏదో మారుతోంది, విను.”

“మారేది నీ మొహం. కట్టేసి పడుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

అంతలో చప్పుడు ఆగి, తీరికైన గొంతొకటి వినిపించింది: “ఇప్పటిదాకా మీరు విన్నది రేడియో పాడై వచ్చిన చప్పుడు కాదండీ. మీ సెట్టు బాగానే ఉంది. దయచేసి దాన్ని కొట్టకండి.” లత ఫక్కున నవ్వింది. అప్పటికే నేను ఫోనును రెండుసార్లు కొట్టి ఉన్నాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. నా పేరు సువార్త. పామర్రు దగ్గరి పల్లెలో ఒక చిన్న సంఘానికి మా నాన్న పాస్టరు. నేను నడక, చదువు, పాట, అన్నీ మందిరంలోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో సంగీతమంటే దేవుణ్ణి స్తుతించేదే, సినిమా పాట గడప దాటి లోపలికి వచ్చేది కాదు. దాన్ని వద్దనడం నాకు కష్టమూ కాలేదు. కానీ ఆ రాత్రి విన్నది స్తుతీ కాదు, సినిమా పాటా కాదు. దేన్నని వద్దనుకోవాలో తెలియలేదు. వింటున్నంతసేపూ భయమేసింది. మర్నాడు మళ్ళీ విన్నాను.

వారం తిరక్కుండానే ఆ భయం పోయింది. ఒక రాత్రి ఆయన ఎన్నో గొంతులను పొరలు పొరలుగా పేర్చిన ఒక ధ్వని వేశారు. ఒక్క మాటా తెలియదు, కానీ అది మనుషుల అలికిడే. వినగానే గుర్తుపట్టాను. అది మా మందిరం! మా సంఘంలో ‘అందరం ప్రార్థన చేద్దాం’ అనగానే అందరూ ఒకేసారి, ఎవరి మాటల్లో వాళ్ళు, గొంతెత్తి ప్రార్థిస్తారు. అప్పు గురించి ఒకరు, జ్వరం గురించి ఒకరు, కోడలి గురించి ఒకరు. అన్నీ కలిసి పైకప్పు కింద ఒక పెద్ద హోరై తిరుగుతాయి. పుట్టినప్పటి నుంచీ ఆ హోరులోనే కూర్చున్నాను. దాన్ని బయటి నుంచి వినడం మాత్రం అదే మొదలు.

మర్నాడు ల్యాబుకు వెళ్ళి చెప్పాను. “సర్, రాత్రి మీరు వేసింది అచ్చం మా ప్రార్థనలా ఉంది.”

ఆయన సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టారు. “నేను గుడికే పండగలకు తప్ప వెళ్ళనమ్మా. మా ఆవిడ దానికి రోజూ దెప్పుతుంది. ప్రార్థన సంగతి నాకేం తెలుస్తుంది? నువ్వే చెప్పు, ఎలా ఉంటుంది?”

ఒక లెక్చరరు నన్ను, జవాబు తన దగ్గర లేకుండా, ఒక ప్రశ్న అడగడం నాకు కొత్త. చెప్తుంటే మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. చివర ఇంతే అన్నారు: “అది నాకు వినాలనుందే.”

ఆ రోజు నుంచి ఆయన నాకు వినడం నేర్పారు. రేడియో పనికి కావలసిన సామాన్ల కోసం విజయవాడ వన్ టౌన్ బజారుకు వెళ్తే లతనూ నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. ఒకసారి గోడౌన్ల మధ్య సందులో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయారు. “కళ్ళు మూసుకోండి. చప్పుళ్ళకు పేర్లు పెట్టొద్దు. ఇది ఆటో, అది షట్టరు అనుకున్నారంటే ఇంక వినడం ఆగిపోతుంది.” ముగ్గురం కళ్ళు మూసుకుని నిలబడ్డాం. వెనక నుంచి ఒక కేక వచ్చింది.

“సారూ! ధ్యానం చేసుకోడానికి నా బండి ముందే దొరికిందా చోటు? జరగండి, బస్తాలు మీద పడతాయ్!”

“జరుగుతున్నా బాబూ. నీ ఎడమ చక్రం బాగా పాడుతోంది.”

“పాడుద్ది, పాడుద్ది. గ్రీజు పెడితే నోరు మూసుద్ది!”

ఆయన రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు నవ్వారు. లత మాత్రం, ఇంకోసారి సారుతో వన్ టౌనుకు వస్తే ఒట్టు అంది. ఆమె మళ్ళీ మళ్ళీ వచ్చింది.

మా మందిరంలో ఆదివారం ఆరాధనను క్యాసెట్టులో పట్టే అలవాటుండేది. మంచం పట్టి రాలేనివాళ్ళ ఇళ్ళకు సాయంత్రం ఆ క్యాసెట్టు వెళ్ళేది. నాన్నను అడిగి ఒక క్యాసెట్టు తెచ్చి, ఎంతో సంబరంగా ప్రభాకర్ గారికిచ్చాను. స్టూడియోలో పెట్టాం. ముందు దూరంగా హోరు, దాని మీద తబలా చప్పుడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఇంతలో మైకుకు దగ్గరగా కూర్చున్న రూతమ్మ పెద్దమ్మ గొంతు తేటగా బయటికి వచ్చింది. ఆమె మా సంఘంలో పెద్దావిడ, భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆమె ఏదో దేవుడికి చెప్పుకుంటోంది. ఏమిటన్నది ఇక్కడ రాయను.

ప్రభాకర్ గారు చటుక్కున టేపు ఆపేశారు. ఆయన ముఖం ఎర్రబడింది, పొరపాటున ఎవరి ఇంట్లోకో తలుపు తోసుకుని వెళ్ళినవాడిలా.

“అది నాకు చెప్పిన మాట కాదు సువార్తా.”

“పర్లేదు సర్, మా మందిరంలో అందరికీ వినిపిస్తూనే ఉంటుంది.”

“వాళ్ళు ఆవిడతో కూర్చుని వాళ్ళ మాట వాళ్ళు చెప్పుకుంటున్నారు. నేను ఊరికే కూర్చుని వింటున్నాను. రెండూ ఒకటి కాదు.”

వాక్యం వింటూ పెరిగిన నాకు, ప్రార్థనంటే భయభక్తులు ఎలా ఉండాలో ఆ క్షణంలో ప్రార్థన చేయని ఒక మనిషి చూపించారు.

అయినా ఆ హోరు ఆయన్ను వదల్లేదు, నన్నూ వదల్లేదు. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఆయన నా పక్కన కూర్చుని తెర మీద కదిలే గీతను మాత్రమే చూస్తూ ఏం చేయాలో చెప్తారు. ధ్వనిని నెమ్మదిగా సాగదీస్తూ పోయాం. “మాట తెలుస్తోందా?” అని అడిగేవారు. “కొంచెం తెలుస్తోంది సర్.” “అయితే ఇంకా సాగదియ్.” అలా కొన్ని సాయంత్రాలు గడిచాయి. చివరకు అక్షరాలన్నీ కరిగిపోయి, దుఃఖమూ ఆశా మాత్రం మిగిలాయి. అప్పుడుగానీ ఆయన హెడ్‌ఫోన్లు అందుకోలేదు. విని, మొదటికి తిప్పి ఇంకోసారి విన్నారు. “దీన్ని రేడియోలో వేద్దాం. కానీ గొంతులు వాళ్ళవి. ముందు వాళ్ళు వినాలి, తర్వాతే కొండపల్లి,” అన్నారు.

ఫోనులో సంగతి చెప్పగానే నాన్న గొంతు గట్టిపడింది. “సన్నిధిలో చేసిన ప్రార్థనతో ఆటలా? నిన్ను పంపింది ఇంజనీరింగుకా, ఇందుకా?” మళ్ళీ ఆయనే, “తీసుకురా ఆయన్ని. సంఘం వింటుంది. వద్దందా, ఆ రేడియో గది గుమ్మం నువ్వు మళ్ళీ తొక్కకూడదు. సరేనా?” అన్నారు. సరే అన్నాను. నాన్న మాట కాదని ఎరగను. అలా అని ఆ గది లేని జీవితం కూడా అప్పటికే ఊహకు అందడం లేదు. ఆ వారమంతా నా ప్రార్థనలో వేరే మాట లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రభాకర్ గారు చెప్పులు బయట విడిచి, ఒక చేత్తో స్పీకరు, ఇంకో చేత్తో సీడీ ప్లేయరు మోసుకుంటూ లోపలికి వచ్చారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆయన ముందు నిలబడి, ఇది ఎక్కడిదో, ఎలా చేశామో చెప్పారు. “మీరు వద్దంటే ఇది ఇక్కడే వదిలేసి వెళ్తానండీ. నా దగ్గర ఇంకో కాపీ లేదు.”

ధ్వని మొదలైంది. మగవాళ్ళ వైపు నుంచి ఏసుదాసు బాబాయి ఉండబట్టలేక అనేశాడు: “ఇదేంది అయ్యగారూ, మా ట్రాక్టరుకి గేరు పడకపోతే ఇట్టాగే మూలుగుద్ది!” నవ్వులు లేచాయి. ప్రభాకర్ గారు కూడా నవ్వారు, కానీ ధ్వని ఆపలేదు. కాసేపటికి నవ్వులు వాటంతటవే సన్నగిల్లాయి. అప్పుడు చూశాను. ముందు వరసలో రూతమ్మ పెద్దమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుంది. ప్రార్థన మొదలైతే మా ఆడవాళ్ళు చేసే పని అది. ఆమె పక్కనామె కూడా లాక్కుంది. ఆ వెనకామె. ఒక్కొక్క కొంగూ తల మీదికి వస్తోంది. ఎవరూ ఎవరినీ చూసి చేయడం లేదు, అందరి కళ్ళూ మూసే ఉన్నాయి. నేను నాన్న వైపు చూశాను. నాన్న కొంగుల వైపు చూస్తున్నారు.

అయిపోయాక నాన్న అడిగారు: “రూతమ్మా, అందులో నీ గొంతే ఎక్కువుందంట. ఏమంటావు?”

“నా మాట నాకే తెలవలేదయ్యా,” అంది ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. “పైనున్న ఆయనకి తెలిసుద్దిగా. చాలు.”

నాన్న ప్రభాకర్ గారి వైపు తిరిగి, “సంఘం ముసుగేసుకుంది మాస్టారూ. ఇంక నేను వద్దనేదేముంది?” అన్నారు.

ప్రసారం చేసే రోజు సాయంత్రం నాన్న చెప్పకుండా బస్సెక్కి వచ్చేశారు. మా ఊరికి ఆ రేడియో అందదు మరి. స్టూడియోలో ముక్కాలిపీట మీద, బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని, కోడిగుడ్ల అట్టల మధ్య కూర్చున్నారు. ప్రభాకర్ గారు ఆ రోజు పరిచయంలో, “ఇది కృష్ణా జిల్లాలో ఒక సంఘం చేసిన ప్రార్థన. పేర్లు చెప్పను. చేసినవాళ్ళు అనుమతిచ్చారు,” అని మాత్రమే అన్నారు. ధ్వని సాగి సాగి సన్నబడింది. ప్రభాకర్ గారు ముగింపు చెప్పడానికి మైకు తెరిచారు. సరిగ్గా అప్పుడే నాన్న ముందుకు వంగి గుసగుసగా అడిగారు:

“మాస్టారూ, ఆమెన్ అనొచ్చా, ఇంకా ఉందా?”

ప్రభాకర్ గారు మైకు మూయలేదు. “మీరు అంటే అయిపోయినట్టేనండీ.”

“ఆమెన్,” అన్నారు నాన్న. ఆ మాట కొండపల్లి దాకా వెళ్ళింది.

తర్వాత ఆ కార్యక్రమం ఇంకో రెండేళ్ళు నడిచింది. ప్రభాకర్ గారు వేరే కాలేజీకి మారారు. క్రిస్మస్‌కు ఫోను చేసి నాన్నతో నాకంటే ఎక్కువసేపు మాట్లాడేవారు. ఆయన పోయారని వాళ్ళ ఆవిడ చెప్పినప్పుడు, నాన్న సంఘంలో ఆయన కోసం ప్రార్థన పెట్టారు. ఆయన మనవాడా అని ఎవరూ అడగలేదు. నా విశ్వాసం ఆయన వల్ల తగ్గుతుందేమోనని ఒకప్పుడు బంధువులు బెంగపడ్డారు. ఆయన నన్ను దేవుడి నుంచి ఒక్క అడుగు కూడా పక్కకు తీసుకెళ్ళలేదు. ఉన్నచోటే చెవులు తెరిచారు.

ఇప్పుడు ఆదివారం ‘అందరం ప్రార్థన చేద్దాం’ అనగానే నేను వెంటనే నోరు తెరవను. కొంగు తల మీదికి లాక్కుని, కాసేపు ఆ హోరులో ఊరికే కూర్చుంటాను. ఎవరి మాటా పట్టుకోను, అది నాకు చెప్పింది కాదు. ఇంతమంది ఇన్ని బరువులు ఒకేసారి ఎత్తి పెడుతుంటే ఒక్కటీ కింద పడకుండా అందుకునేవాడు ఎవరో ఉన్నాడన్నది మాత్రం నాకు వినిపిస్తుంది. తర్వాత నా గొంతు కూడా అందులో కలుపుతాను.