కఫీల్ ఒంటెకు నేను వేసిన బ్రేకు

నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒకే ఒక్క ఎర్ర వైరుతో ఒక పికప్పును, ఒక ట్రైలర్‌ను, అందాల పోటీకి ముస్తాబైన ఒక ఒంటెను ఒకేసారి ఎడారిలో నిలబెట్టేసిన మొనగాణ్ణి నేనే.

జగిత్యాల దగ్గర ఇళ్లకు వైరింగు చేస్తూ, బోరు మోటార్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. రియాద్ అవతల వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అదే కఫీల్, దగ్గరికి ఎలక్ట్రీషియన్‌గా వచ్చాను. "అక్కడ ఒంటెలు కాయపెడ్తరటగా?" అని బెంగపెట్టుకున్న మా ఆవిడ సుజాతకు బయల్దేరేముందే మాటిచ్చాను: "నా చేతిల టెస్టర్ ఉంటది గని తాడుండదే!" కఫీల్ మాత్రం వచ్చిన వారంలోనే తేల్చేశాడు. ట్రైలర్ బ్రేకులు బాగుచేస్తే ఎలక్ట్రీషియన్‌ని, లేకపోతే ఒంటెల దొడ్డికే.

జబ్బు ఇదీ: పికప్పు బ్రేకు తొక్కితే వెనకున్న ఒంటెల ట్రైలర్ ఆగకుండా వచ్చి నెడుతోంది. దానివి కరెంటు బ్రేకులు. వాటిని నడిపించే కంట్రోలర్ డబ్బా స్టీరింగ్ కింద ఉంది. తల దూర్చి చూస్తే, దాని ఎర్ర వైరు బ్రేకు పెడల్ స్విచ్చు దగ్గర ఊడి వేలాడుతోంది. మళ్లీ అక్కడే తగిలించి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను మేధావిని కదా!

"ఎర్రదంటే ఫేజు. ఫేజును తీస్కపోయి పెడల్‌కు ఇచ్చిన తెలివిగల్లోడెవడు?" అన్నాను, పక్కనున్న డ్రైవర్ మస్తాన్‌తో. కడప మనిషి.

"యాడ ఊడిందో ఆడనే పెడితే సరిపోదా అన్నా?"

"నువ్వు స్టీరింగ్ చూస్కో తమ్మీ, వైర్లు నేను చూస్త."

ఎర్ర వైరును నేరుగా బ్యాటరీకి బిగించాను. పెడల్ తొక్కి, ట్రైలర్‌ను నెట్టమన్నాను. మస్తాన్ ఎంత నెట్టినా కదల్లేదు. "ఖలాస్!" అని అరిచాను. కాలు తీశాక కదులుతుందో లేదో కూడా చూడాలన్న ఆలోచనే వస్తే, నేను నేనెందుకవుతాను?

మర్నాడు ఒంటెకు స్నానం చేయించి, జుట్టు దువ్వి, ట్రైలర్ ఎక్కించి, ఇక కదలమంటూ కఫీల్ "యల్లా!" అన్నాడు. పికప్పు గర్జించింది. ఇసుక లేచింది. ట్రైలర్ మాత్రం అలిగిన అల్లుడిలా ఉన్నచోటే కూర్చుంది.

"బరువెక్కువైంది," అన్నాను. ఒంటెను దింపారు. కదల్లేదు.

"ఇసుకల దిగవడ్డది." తవ్వారు. అయినా కదల్లేదు.

"బేరింగులు పట్టేసినయ్."

కఫీల్ నన్ను ఎగాదిగా చూసి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటుండు?" అని మస్తాన్‌ను అడిగాను.

"నిన్న నిలబడల్యా, ఈపొద్దు కదల్యా. రెండిటికీ నడుమ ఏమన్నా సేయగలడేమో అడుగు, అంటాండాడు."

పోటీ మైదానం కనుచూపు మేరలోనే ఉంది. ఆలస్యమైతే ఒంటెను లోపలికి రానివ్వరు. కఫీల్ దాని తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. టెస్టర్ జేబులో, తాడు చేతిలో!

సగం దూరం నడిచానో లేదో, సుజాత వీడియో కాల్. ఎత్తకపోతే కంగారుపడుతుంది. ఎత్తాను.

"ఏం చేస్తున్నవ్?"

"డ్యూటీలున్ననే. వైరింగ్ చెక్ చేస్తున్న."

అదే క్షణాన నా భుజం మీదుగా పొడుగాటి మూతి ఒకటి ఫోన్‌లోకి తొంగిచూసి, తీరిగ్గా పెదవులు ఆడించింది.

సుజాత ఫోన్‌కు మొహం దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత అడిగింది: "ఏ వైరు చెక్ చేస్తున్నవయ్యా? దాని తోకనా?"

అంతలో పికప్పు మా పక్కకొచ్చింది, వెనకాల ఖాళీ ట్రైలర్‌తో సహా! మస్తాన్ కిటికీలోంచి అరిచాడు: "ట్రైలర్ ప్లగ్గు పీకేస్తే కదిలిందన్నా! నీ ఎర్ర వైరు పొద్దన్నుంచి బ్రేకు తొక్కే ఉండాది!" బ్రేకుల్లేని ట్రైలర్‌లో తన ముద్దుల ఒంటెను ఎక్కించనని, నడిపించే తెమ్మని పక్క సీట్లోంచి కఫీల్ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఒంటెను వేళకే మైదానం చేర్చి, సాయంత్రం ఎర్ర వైరును పెడల్ స్విచ్చుకే తగిలించాను. ఈసారి కాలు తీసి కూడా చూశాను. కఫీల్ కడుపుబ్బా నవ్వి, ఎలక్ట్రీషియన్‌గానే ఉంచుకున్నాడు. కాకపోతే ఆ ఒంటె ఇప్పుడు నేను పట్టుకుంటే తప్ప అడుగు తీసి అడుగు వేయదు. శుక్రవారాలు దాని వాహ్యాళి నా డ్యూటీయే. ఫోన్ ఎత్తగానే సుజాత ముందు దాని క్షేమం అడిగి, ఆ తర్వాతే నా దగ్గరికి వస్తుంది.

అందుకే ఆ ఒంటె సాక్షిగా ఒట్టేసుకున్నాను: బ్రేకు పట్టడమే కాదు, వదలడం కూడా కళ్లారా చూడనిదే ఈ జన్మలో "ఖలాస్" అనను. ఒట్టేస్తుంటే ఒంటె నా చొక్కా కాలరు నములుతోంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.